అప్‌డేట్: నాన్నకు కొబ్బరి నీళ్లు, పొటాషియం ఛానళ్ల ప్రశ్న

మా నాన్నకు కాడాసిల్ ఉంది. నాచ్3 జన్యువులో మార్పు వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతినే జబ్బు. ఇందులో పొటాషియం ఛానళ్లు, అంటే కణాల పొరల్లో పొటాషియం వెళ్లివచ్చే సన్నటి దారులు, సరిగా పనిచేయవని చదివి, కొబ్బరి నీళ్లు, అరటిపండ్లు ఎక్కువ ఇస్తే ఉపయోగమా అని అడిగాను. న్యూరాలజిస్టును కలిశాం.

అస్సలు వద్దన్నారు. రిపోర్టులో పొటాషియం 4.6, అంటే నార్మలే. పైగా నాన్న బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ దాన్ని ఇంకా పెంచగలదు. మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుందట. అమ్మ ఆ రోజే కొబ్బరి బోండాల అబ్బాయికి రావద్దని చెప్పేసింది!

అసలు సంగతి వేరే ఉంది. మెదడు కణాలు పని చేసేటప్పుడు కాస్త పొటాషియం బయటికి వదులుతాయి. కేశనాళికల గోడల్లో ఉండే కిర్2.1 ఛానళ్లు దాన్ని పసిగట్టి, పైనున్న చిన్న ధమనికి విద్యుత్ సంకేతం పంపుతాయి. కాలింగ్ బెల్ నొక్కినట్టన్నమాట. ధమని వెడల్పై, అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. కాడాసిల్ ఉన్న ఎలుకల్లో ఈ ఛానళ్లు మందగించాయి. కారణం పొటాషియం కొరత కాదు, ఛానల్ పనిచేయడానికి కావాల్సిన పిప్2 అనే కొవ్వు పదార్థం తగ్గడం. 2021లో అమెరికా పరిశోధకులు పిప్2 ఎక్కిస్తే ఎలుకల్లో ఆ స్పందన తిరిగొచ్చింది. మనుషులకు ఇంకా అలాంటి మందు లేదు.

ప్రస్తుతానికి బీపీ అదుపు, సిగరెట్ బంద్. రెండోదానికే ఇంట్లో గొడవ. పిల్లలకు వచ్చే అవకాశం సగం సగం కాబట్టి, చెల్లి, నేను టెస్టుకు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాం.