ఇండియా వెళ్లి బైక్ లైసెన్స్ తెచ్చుకుంటే యూకేలో ఎల్ ప్లేటు తప్పుతుందా?

నల్గొండ_టు_లెస్టర్

అందరికీ నమస్తే. నాకు 23 ఏళ్లు. పోయిన సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి లెస్టర్ వచ్చాను. ఇండియన్ లైసెన్స్ ఉంది, అయితే అందులో కారు ఒక్కటే ఉంది, బైక్ లేదు.

ఇక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కొనుక్కోవాలని నా కోరిక. విచారిస్తే ముందు సీబీటీ (కంపల్సరీ బేసిక్ ట్రైనింగ్, అంటే తప్పనిసరి ప్రాథమిక శిక్షణ) చెయ్యాలన్నారు. దాంతో 125 సీసీ వరకే నడపాలి, బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ ప్లేటు ఉండాలి, మోటర్‌వే ఎక్కకూడదు, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. అలా రెండేళ్లు నడిపితే గానీ పెద్ద బండి టెస్టు రాయనివ్వరని మా రూమ్మేట్ అంటున్నాడు.

ఆగస్టులో ఇంటికి వెళ్తున్నా. మా దగ్గర ఒక ఏజెంట్ ఉన్నాడు, గేరు బండి కూడా లైసెన్స్‌లో పది రోజుల్లో ఎక్కించేస్తానన్నాడు. కావాలంటే నువ్వు రాకపోయినా పని అయిపోతుందన్నాడు. ఇండియన్ లైసెన్స్‌తో ఇక్కడ 12 నెలలు నడపొచ్చు కదా, అంటే ఎల్ ప్లేటు గొడవ లేకుండా నేరుగా 650 ఎక్కొచ్చా? మా కజిన్ ఇంకో దారి చెప్తున్నాడు. సెలవుల్లో యూరప్‌లో ఏదో ఒక దేశానికి వెళ్లి లైసెన్స్ తీసుకుని ఇక్కడ మార్చుకోవచ్చట. ఎవరైనా ఇలా చేశారా?

బెజవాడ_టు_బర్మింగ్‌హామ్

తమ్ముడూ, ఏజెంట్‌కి ఇంకా డబ్బు ఇవ్వకపోతే ఇవ్వకు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

ఆ 12 నెలలు లెక్కపెట్టేది లైసెన్స్ మీద ఉన్న తేదీ నుంచి కాదు. నువ్వు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి. నువ్వు వచ్చింది పోయిన సెప్టెంబర్. ఆగస్టులో ఊరెళ్లి, బైక్ క్లాస్ ఎక్కించుకుని సెప్టెంబర్‌లో తిరిగొచ్చేసరికి ఆ గడువు కాస్తా అయిపోతుంది. మధ్యలో సెలవులకి ఇంటికెళ్లి వచ్చినంత మాత్రాన లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవదు. కాబట్టి ఎంత ఖర్చుపెట్టి తెచ్చినా ఆ కార్డు నీకు ఇక్కడ ఒక్క నెల కూడా పనికిరాదు. ఇంకో మాట, నీ కారు లైసెన్స్‌కి కూడా ఇదే గడువు. సెప్టెంబర్ తర్వాత దాంతో కారు కూడా తియ్యకు.

గడువు అయ్యాక ఇండియన్ లైసెన్స్‌ని ఇక్కడి దానితో మార్చుకోవడం కుదరదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్ లాంటి కొన్ని దేశాల లైసెన్సులకే ఆ సౌకర్యం ఉంది. ఆ జాబితాలో మనం లేం.

మీ కజిన్ చెప్పిన యూరప్ దారి ఇంకా లాభం లేనిది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో లైసెన్స్ ఇవ్వాలంటే మనిషి అక్కడ మామూలుగా నివసిస్తూ ఉండాలి, ఏడాదిలో కనీసం 185 రోజులు. లేదా అక్కడ ఆరు నెలలుగా చదువుతున్నట్టు చూపించాలి. రెండు వారాల టూరిస్టుకి ఎవరూ ఇవ్వరు. ఇచ్చేస్తామని ఆన్‌లైన్‌లో ఎవడైనా అంటే వాడు అమ్మేది దొంగ కార్డే.

ఇక అసలు విషయం. మీ రూమ్మేట్ చెప్పిన రెండేళ్ల మాట తప్పు. ఆ రెండేళ్లు సీబీటీ సర్టిఫికెట్ చెల్లుబాటయ్యే కాలం. ఈలోగా టెస్టులు పాస్ కాకపోతే సీబీటీ మళ్ళీ చెయ్యాలి, అంతే. ఇన్నాళ్లు నడిపి తీరాలన్న రూలు ఎక్కడా లేదు. ఈ వారం సీబీటీ చేసి, తారీఖులు దొరికితే వచ్చే నెలలోనే పెద్ద బండి టెస్టు రాయొచ్చు. నువ్వు తప్పించుకుందామనుకుంటున్న రెండేళ్లు అసలు లేనే లేవు.

నీ వయసుకి వచ్చేది ఏ2 లైసెన్స్. 19 దాటితే చాలు, చిన్న బండ్ల లైసెన్స్ ఏ1 ముందు తీసుకోవాల్సిన పని లేదు. ఏ2 మీద 35 కిలోవాట్ల వరకు పవర్ ఉన్న బండి నడపొచ్చు, అంటే దాదాపు 47 హార్స్‌పవర్. నువ్వు కోరుకుంటున్న ఇంటర్‌సెప్టర్ 650 సరిగ్గా ఆ హద్దు లోపలే ఉంటుంది! 650 సీసీ అనగానే ఫుల్ లైసెన్స్ కావాలని అందరూ అనుకుంటారు. ఇక్కడ చూసేది సీసీ కాదు, పవర్‌నీ, బరువుకి పవర్ ఎంత ఉందన్నదాన్నీ. ఎన్‌ఫీల్డ్ బరువు 200 కిలోల పైనే కాబట్టి ఆ లెక్కలో కూడా ఇబ్బంది లేదు.

24 నిండాక డైరెక్ట్ యాక్సెస్‌లో, అంటే మెట్లు మెట్లుగా కాకుండా నేరుగా, ఏ హద్దూ లేని ఫుల్ ఏ కేటగిరీ రాయొచ్చు. అప్పుడు ప్రాక్టికల్స్ రెండూ మళ్ళీ రాయాలి. నీకు కావాల్సింది ఇంటర్‌సెప్టరే అయితే దాని కోసం ఆగక్కర్లేదు.

క్రాయిడన్_క్లెయిమ్స్

నేను మోటార్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో పని చేస్తున్నాను. పైన అన్న చెప్పింది కరెక్టే. ఇన్సూరెన్స్ సంగతి ఒకటి కలుపుతాను, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే.

పాలసీ ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు "లైసెన్స్ రకం", "యూకేలో ఎప్పటి నుంచి ఉంటున్నారు" అని రెండు ప్రశ్నలు వస్తాయి. ఏదో ఒకటి నొక్కేస్తే పాలసీ వచ్చేస్తుంది. దాన్ని చూసి అంతా సరిగ్గా ఉందని ధైర్యంగా తిరుగుతారు. ఆ వివరాలు తవ్వేది యాక్సిడెంట్ అయ్యాకే. పాస్‌పోర్ట్ మీద ముద్రలు, వీసా తేదీలు అడుగుతారు. అప్పటికి 12 నెలలు దాటిపోయిందని తేలితే నీ బండికి డబ్బు రాదు. ఎదుటివాళ్లకి కంపెనీ కట్టినా, తర్వాత ఆ మొత్తం నీ దగ్గర వసూలు చెయ్యడానికి వస్తుంది.

పోలీసులు ఆపితే ఇన్సూరెన్స్ లేకుండా నడిపిన నేరం, కోడ్ ఐఎన్10. అక్కడికక్కడ వేసేదే 300 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. బండిని అక్కడే స్వాధీనం చేసుకోవచ్చు. ఇక్కడి లైసెన్స్ లేదు కదా, పాయింట్లు ఎక్కడ వేస్తారు అనుకోవద్దు. లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ నీ పేరున రికార్డు తెరిచి అందులో వేస్తుంది, రేపు లైసెన్స్ తీసుకున్నప్పుడు అవి నీ వెంటే వస్తాయి. ఆ కోడ్ ఉన్నవాళ్లకి ప్రీమియం ఎలా ఉంటుందో నేను రోజూ చూస్తాను. ఆ డబ్బుతో ఇక్కడ ట్రైనింగ్, టెస్టులు అన్నీ అయిపోయి ఇంకా మిగుల్తాయి.

కరీంనగర్_కుర్రోడు

ఏజెంట్ మాట గురించి నేను చెప్తా. పది రోజుల్లో ఎలా ఎక్కిస్తాడు బ్రో? ఉన్న లైసెన్స్‌లో కొత్త క్లాస్ కలపాలన్నా ఆ క్లాస్‌కి లెర్నింగ్ లైసెన్స్ తీసుకోవాలి. అది తీసుకున్నాక 30 రోజులు నిండితేనే టెస్టుకి పిలుస్తారు, సెంట్రల్ మోటర్ వెహికల్స్ రూల్స్ 1989లోనే ఉంది. నెల రోజులు కూడా లేని సెలవులో అది సక్రమంగా అయ్యే పని కాదు.

ఇక "నువ్వు రాకపోయినా అవుతుంది" అన్నాడంటే ట్రాక్ మీద నీ బదులు ఇంకెవరో ఎనిమిది తిప్పుతారన్నమాట. టెస్టు తేదీన నువ్వు ఇంగ్లండ్‌లో ఉన్నట్టు పాస్‌పోర్ట్ చెప్తుంది. వీసా మీద బతుకుతున్నవాళ్లం, అలాంటి కాగితం మన పేరు మీద ఉండనే కూడదు. ఇప్పుడు లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో అంతా రికార్డు అవుతుంది.

నల్గొండ_టు_లెస్టర్

అన్నలకి చాలా థాంక్స్. రెండేళ్లు ఆగక్కర్లేదని, ఇంటర్‌సెప్టర్ ఏ2లోనే వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళే ఏజెంట్‌కి వద్దని మెసేజ్ పెట్టాను.

బెజవాడ అన్నా, ఇప్పుడు వరసగా ఏం చెయ్యాలి? ఖర్చు ఎంత అవుతుంది? ప్రాక్టికల్ అంటే టెన్షన్‌గా ఉంది. బండి నాకు బాగానే వచ్చు, అయినా ఇక్కడ చాలామంది ఫెయిల్ అవుతున్నారని విన్నాను.

బెజవాడ_టు_బర్మింగ్‌హామ్

ముందు ప్రొవిజనల్ లైసెన్స్‌కి (మన లెర్నింగ్ లైసెన్స్ లాంటిది) అప్లై చెయ్యి. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, పోస్టులో 43. అది చేతికొచ్చాక సీబీటీ. ఒక రోజు పని, చివర్లో కనీసం రెండు గంటలు రోడ్డు మీద తిప్పుతారు. ఫీజు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. థియరీ టెస్టుకి 23 పౌండ్లు: 50 ప్రశ్నల్లో 43 రావాలి, రోడ్డు మీద ప్రమాదాన్ని ముందే పసిగట్టే హజార్డ్ పర్సెప్షన్ వీడియోల్లో 75కి 44 రావాలి. తర్వాత ప్రాక్టికల్ రెండు ముక్కలు. మాడ్యూల్ 1కి 15 పౌండ్ల 50 పెన్నీలు, మాడ్యూల్ 2కి మామూలు రోజుల్లో 75. బుకింగ్ ప్రభుత్వ సైట్ గవ్.యూకేలోనే చేసుకో. గూగుల్‌లో పైన కనిపించే సైట్లు కొన్ని అదే పనికి అదనంగా గుంజుతాయి. అన్నిటికంటే పెద్ద ఖర్చు ట్రైనింగ్‌దే. పెద్ద బండి, రేడియో పెట్టుకుని వెనకాల వచ్చే ఇన్‌స్ట్రక్టర్, రెండూ స్కూలువాళ్లవే కాబట్టి. ఆ ఖర్చులో పిసినారితనం చెయ్యకు.

మనవాళ్లు ఫెయిల్ అయ్యేది బండి రాక కాదు. నాకు తెలిసిన కుర్రాళ్లలో చాలామంది తిరుపతి ఘాట్ రోడ్డు కళ్లు మూసుకుని ఎక్కగలరు. వాళ్లనే ఇక్కడ ఖాళీ మైదానంలో యూటర్న్ తిప్పమంటే కాలు కింద పెట్టేస్తారు.

మాడ్యూల్ 1 ట్రాఫిక్ లేని మూసిన స్థలంలో జరుగుతుంది. కోన్ల మధ్య వంకర్లు తిరుగుతూ పోయే స్లాలమ్, ఎనిమిది, నడిచే వేగంతో నెమ్మదిగా పోవడం, యూటర్న్, తర్వాత స్పీడులో రెండు పనులు. యూటర్న్ సంగతి వివరంగా చెప్తాను, అది దొరికితే మిగతావి వాటంతటవే వస్తాయి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి అక్కడే కదలకుండా ఉంచు. వేగాన్ని క్లచ్‌తో చూసుకో, అది పట్టీ పట్టనట్టు ఉండే చోటు వేళ్లకి తెలియాలి. వెనక బ్రేక్ మీద పాదం మెత్తగా ఆనించి ఉంచు. ముందు బ్రేక్ జోలికి పోకు, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు అది పట్టావంటే బండి పక్కకి పడుతుంది. చూపు మాత్రం గీత మీద పెట్టకు. ఏ గీత దాటకూడదనుకుంటావో దాన్నే చూస్తే బండి అక్కడికే పోతుంది. గడ్డం భుజం మీదకి తిప్పి, నువ్వు వెళ్లాల్సిన వైపు దూరంగా చూడు. తిప్పడానికి ముందు తల వెనక్కి తిప్పి చూడటం మర్చిపోవద్దు. మైదానంలో ఎవరూ లేరు కదా అని వదిలేస్తే ఫాల్ట్ రాస్తారు.

స్పీడు పనులు రెండూ, ఎమర్జెన్సీ స్టాప్, అడ్డు తప్పించడం, గంటకి 50 కిలోమీటర్ల మీద చెయ్యాలి. మీటర్ మైళ్లలో ఉంటుంది, 50 అంటే దాదాపు 31 మైళ్లు. మీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి ముల్లు 34 దగ్గర ఉంచు. బ్రేక్ కొట్టేటప్పుడు ముందు బ్రేక్ ఒక్కసారిగా లాగకు, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. మనకి ఊళ్లో ముందు బ్రేక్ వాడితే పడిపోతారని చెప్పి పెంచారు. ఆ భయం ఇక్కడ ట్రైనింగ్‌లో పోవాలి, ఆపే బలం ఎక్కువ దాంట్లోనే ఉంది.

మాడ్యూల్ 2 రోడ్డు మీద. ఎగ్జామినర్ వెనక బండి మీద వస్తూ చెవిలో చెప్తుంటాడు. దాదాపు 40 నిమిషాలు. కుడికి తిరిగే ముందు ఆఖరి క్షణంలో కుడి భుజం మీంచి వెనక్కి చూడటాన్ని ఇక్కడ లైఫ్‌సేవర్ అంటారు. మన దగ్గర హారన్ చేసే పని ఇక్కడ ఆ చూపు చేస్తుంది. నవంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, రౌండబౌట్ల మీద తడి ఆకులు, లారీల డీజిల్ మరకలు ఉంటాయి. 200 కిలోల బండితో అందులోకి దిగుతున్నప్పుడు ఈ ట్రైనింగ్ విలువ తెలుస్తుంది. నీకు నేను ఇంత రాస్తున్నది అందుకే. మా వీధిలో ఉండే తెలుగబ్బాయి ఒకడు గడువు దాటిన ఇండియన్ లైసెన్స్‌తోనే తిరుగుతూ అలాంటి రౌండబౌట్ దగ్గర జారిపడ్డాడు. కాలికి రాడ్ వేశారు. వాడి వైపు నుంచి ఏ క్లెయిమూ నిలవలేదు. ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు వాడు.

సెలవుల్లో_స్కూటర్

మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నా. సీబీటీ అయ్యాక ఆ 125 మీద ఫుడ్ డెలివరీ చేసుకుంటే ట్రైనింగ్ ఖర్చు వచ్చేస్తుంది కదా? నేను కూడా స్టూడెంట్ వీసానే.

క్రాయిడన్_క్లెయిమ్స్

వద్దమ్మా. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చెయ్యడానికి, సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా ఉండటానికి అనుమతి లేదు. యాప్ డెలివరీ చేసేవాళ్లు దాదాపు అందరూ సెల్ఫ్ ఎంప్లాయిడే. వారానికి 20 గంటల లోపే చేస్తున్నా అది రూలు తప్పడమే. ఇంకొకరి అకౌంట్ అద్దెకి తీసుకోవడం అంతకంటే ప్రమాదం. పైగా మామూలు బైక్ పాలసీ డెలివరీకి వర్తించదు, దానికి వేరే కవర్ కావాలి. చదువు అయ్యాక తీసుకునే గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక అయితే సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా చెయ్యొచ్చు.

నల్గొండ_టు_లెస్టర్

ప్రొవిజనల్‌కి అప్లై చేశాను అన్నా. థియరీ పుస్తకం యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. ఒక్క డౌట్. టెస్టు రోజు వేసుకోవడానికి ఇండియా నుంచి ఏమైనా తెచ్చుకోవాలా? మా అన్నయ్య హెల్మెట్ ఉంది, ఐఎస్ఐ మార్కుది.

బెజవాడ_టు_బర్మింగ్‌హామ్

హెల్మెట్ అక్కడే ఉంచెయ్. ఇక్కడి రోడ్డు మీద బ్రిటిష్ లేదా యూరోపియన్ ప్రమాణం ఉన్న హెల్మెట్ ఉండాలి, ఐఎస్ఐ దానికి సరిపోదు. ట్రైనింగ్ స్కూళ్లలో చాలావరకు హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ వాళ్లే ఇస్తారు, బుక్ చేసేటప్పుడు అడుగు. నువ్వు కొనుక్కోవాల్సింది మడమ పైదాకా కప్పే గట్టి బూట్లు, మందపాటి ప్యాంటు. మామూలు స్పోర్ట్స్ షూతో వెళ్తే ఎగ్జామినర్ టెస్టు పెట్టకుండానే పంపెయ్యొచ్చు, ఫీజు కూడా పోతుంది. ప్రొవిజనల్ కార్డు, సీబీటీ సర్టిఫికెట్ రెండూ జేబులో పెట్టుకుని వెళ్లు. మాడ్యూల్ 1 తారీఖు దొరికాక ఇక్కడ రాయి. లెస్టర్ దగ్గరే కాబట్టి ముందు శనివారం వస్తాను, ఎక్కడైనా ఖాళీ కార్ పార్క్‌లో సైకిల్ మీదే ఆ తల తిప్పడం అలవాటు చేద్దాం.