సైనస్ ఆపరేషన్ తర్వాత నాన్నకు కన్ను లోపలికి తిరగడం లేదు

ప్రశ్న:
నాన్నకు ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరగడం) అని ఎండోస్కోపీతో సైనస్ ఆపరేషన్ చేయించాం. మత్తు దిగినప్పటి నుంచి అన్నీ రెండేసి కనిపిస్తున్నాయట. కుడి కన్ను చెవి వైపుకి పోయింది, ముక్కు వైపు తిరగదు. వాపే, తగ్గిపోతుంది అంటున్నారు సర్జన్ గారు. ఆగమంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్.

జవాబు (మెల్లకన్ను క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్ట్‌ని):
చూపు మందగించినా, కన్ను ఉబ్బి ముందుకొచ్చినా ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్ళండి. అవి లేకపోయినా ఈ వారమే స్కాన్ తీయించండి. సైనస్‌కీ కంటికీ మధ్య ఎముక చాలా పలచన, దాన్ని ఆనుకునే కన్నుని ముక్కు వైపు తిప్పే మీడియల్ రెక్టస్ కండరం ఉంటుంది. మైక్రోడిబ్రైడర్ (పాలిప్స్‌ని పీల్చి కోసే పరికరం) అటు దూరితే ఆ కండరాన్ని క్షణంలో లాగేస్తుంది. కండరం నలిగిందంతే అయితే కొన్ని నెలలు చూస్తారు. తెగితే మాత్రం మొదటి రెండు మూడు వారాల్లో కుట్టడం మేలు. ఆలస్యమైతే మచ్చ కడుతుంది, కన్నుని చెవి వైపు లాగే బయటి కండరం బిగుసుకుంటుంది. అది బిగుసుకోకుండా ఒక్కోసారి బొటాక్స్ (కండరాన్ని కొన్నాళ్ళు వదులు చేసే ఇంజెక్షన్) ఇస్తారు.

జవాబు:
మా అక్కకి కూడా ఇలాగే అయింది, కండరం ముక్కే పోయింది, కుట్టడానికి ఏమీ మిగల్లేదు. పైనా కిందా ఉన్న కండరాలను పక్కకు జరిపి కుట్టారు. ఇప్పుడు నేరుగా చూస్తే ఒకటే, పక్కకు చూస్తే ఇంకా రెండే. స్కూటీ మానేసింది. ఆపరేషన్ నోట్స్, ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీ స్కాన్ సీడీ ముందే అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చూపు బాగానే ఉందండి. రేపు ఎమ్మారైకి రాయించాను. అప్పటిదాకా ఒక కన్ను మూసుకుంటే పర్లేదా?

జవాబు (ఆప్టోమెట్రిస్ట్):
పర్లేదు, తల తిరగడం తగ్గుతుంది. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి.