‘నిప్ ఇన్ ద బడ్’: మొగ్గలోనే తుంచడమా, ఇంకేమైనా ఉందా?

ప్రశ్న: దేన్నయినా మొదట్లోనే ఆపేయడానికి ఇంగ్లీషులో వాడే ‘నిప్ ఇన్ ద బడ్’ (నిప్ అంటే గిల్లడం, తుంచడం)ని పత్రికల్లో ‘మొగ్గలోనే తుంచేయాలి’ అని రాస్తున్నారు. మనకు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ ఉండగా ఈ అనువాదం అవసరమా?

జవాబు 1: అవసరమేనండీ. ఆ సామెతలో మొక్క బతకాలి, వంగాలి. ఇక్కడ వంచడం లేదు, ఆపేయడమే. కొందరు వాడే ‘ఆదిలోనే హంసపాదు’ ఇంకా దూరం. రాతలో అక్షరం జారిపోయినచోట పెట్టే గుర్తు హంసపాదు. అది మొదట్లోనే పడిందంటే పనికి ఆరంభంలోనే ఆటంకం వచ్చిందని. దాన్ని ఎవరూ కావాలని తెచ్చుకోరు. నిప్ చేసేవాడు తెలిసే చేస్తాడు.

జవాబు 2: ఎప్పుడూ తెలిసే అనలేమండీ. ఇంగ్లండులో వసంతం వచ్చాక పడే గడ్డమంచుకు ఆపిల్ మొగ్గలు మాడితే ఆ ఏడు కాపు ఉండదు. చలి కొరకడాన్నీ నిప్ అనే అంటారు. అందుకే మంచి పనులకూ ఈ మాట చెల్లుతుంది. డబ్బు లేక మొదట్లోనే ఆగిన పథకానికి మన ‘పురిట్లోనే సంధి కొట్టింది’ చక్కగా అతుకుతుంది. 1607లో అచ్చయిన ‘ద ఉమన్ హేటర్’ అనే ఇంగ్లీషు నాటకంలోనూ ఈ మాట ఉంది, అక్కడ మొగ్గలో తుంచేది మోహాన్ని.

జవాబు 3: వాడుకలో తప్పులు చూద్దాం. దేన్ని ఆపుతున్నామో ఆ మాట మామూలుగా మధ్యలో వస్తుంది: ‘నిప్ ద రూమర్ ఇన్ ద బడ్’. ‘ఫ్రమ్ ద బడ్’, ‘ఎట్ ద బడ్’ తప్పు. భూతకాలం ‘నిప్డ్’, స్పెల్లింగులో రెండు పీలు. ‘బడ్’ని ‘బట్’ అంటే మొగ్గ పోయి పిరుదు గిల్లినట్టవుతుంది (ఇంగ్లీషువాళ్లూ ఇలా తప్పుతుంటారు). పదేళ్లుగా సాగుతున్న లంచాలకు ఇది పనికిరాదు. మానైపోయినదానికి ‘కూకటివేళ్లతో పెకలించడం’ ఉంది.

ప్రశ్న: మరి ‘చిగురులోనే తుంచడం’ అనొచ్చా? బడ్ అంటే చిగురు కూడా కదా.

జవాబు 2: ఇంగ్లీషులో ఆకుమొగ్గా పూమొగ్గా రెండూ బడ్డే, నిజమే. కానీ చిగురు వద్దండీ, అర్థం తిరగబడుతుంది. చామంతికి నాటిన నాలుగు వారాలకు, బంతికి సుమారు 40 రోజులకు తలలు తుంచేది ఆపడానికి కాదు. కొన చిగురు పోతే పక్క కొమ్మలు లేచి పూలు ఎక్కువ వస్తాయని. పుకారు తల అలా తుంచితే నాలుగు పుకార్లవుతాయి! ‘మొలకలోనే’ అంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు.