గుడ్ల నీరు 'కుక్కుకొని'నా, 'గుక్కుకొని'నా?

రెండు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. పాత మెక్సికన్ హారర్ సినిమాల లాబీ కార్డులు, అంటే సినిమా హాలు లోపల పెట్టే ప్రచార బొమ్మలు చూస్తున్నాను. అమెరికా కార్డు 11 అంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పైతే ఇవి ఇంకా పెద్దవి. అంచుల నిండా రంగుల బొమ్మ, ఒక పక్క సినిమాలోంచి చిన్న నలుపు తెలుపు స్టిల్. స్టిల్ కార్డుకొకటి మారుతుంది, బొమ్మ మాత్రం అదే. కన్ను ముందు రంగుల్లో తిరిగి, చివరికి ఆ నలుపు తెలుపులో పడుతుంది. 1963లో వచ్చిన 'లా మాల్దిసియోన్ దె లా యొరోనా'లో మంత్రగత్తెకు కళ్లుండవు, రెండు నల్లటి గుంతలే. ఏడ్చే దెయ్యం కథలో కళ్లే లేవు! అది చూడగానే అమ్మమ్మ మాట నోటిదాకా వచ్చి ఆగింది: "గుడ్ల నీరు... కుక్కుకొని". కాదు, గుక్కుకొనియా?

— కుక్కుకొని. సంచిలో బట్టలు కుక్కినట్టు, వచ్చే నీటిని మళ్లీ లోపలికే కూరడం. మా వైపు "గుడ్ల నీరు గుడ్లలోనే కుక్కుకొని" అంటారు.

— ఒప్పుకోలేను మాస్టారూ. గుక్కెడు నీళ్లలో ఉన్న గుక్కే ఇది. గ్రుక్కుకొను అంటే మింగడం. దుఃఖాన్ని దిగమింగాడు అనమా?

— "గుడ్లన్" చివర ద్రుతం, అంటే 'న్' ఉందిగా. సరళాదేశం వచ్చి, అంటే 'క' కాస్తా 'గ' అయి, "గుడ్లఁ గుక్కుకొని" అవుతుంది. మీ 'గ' అక్కడిదే.

— మరి గ్రుక్కుకొనులో రేఫ, ఆ 'ర' ఎక్కడిదండీ? సరళాదేశం 'గ'ని ఇస్తుంది, 'గ్రు'ని ఇవ్వదు.

— యొరోనా అని సరిగ్గా రాసినందుకు సంతోషం. స్పానిష్‌లో రెండు ఎల్‌లు కలిస్తే మెక్సికోలో 'య' అనే పలుకుతారు. యొరార్ అంటే ఏడవడం. పిల్లల్ని నీళ్లలో ముంచేసి, ఆ పిల్లల కోసమే ఏడుస్తూ తిరిగే తల్లి ఆమె. నాకైతే ఆ గుంతలు చూస్తే పోతన చాటువే గుర్తొచ్చింది, "కాటుక కంటినీరు చనుకట్టు పయింబడ". నలుపు అన్న మాట లేదు. అయినా కన్నీరు నల్లగా జారడం కనిపిస్తుంది. ఏ పోస్టర్ చిత్రకారుడైనా ఇంతకన్నా ఏం గీస్తాడు!

— ప్రాస కూడా వినండి అక్కా. కాటుక, కైటభ, హాటక... ఆ 'ట' పాదపాదానికీ వెక్కిళ్లలా తగులుతుంది. భాగవతంలో లేకపోయినా, పోతనదే అని నా మనసు ఎప్పుడో ఒప్పుకుంది.

— పద్యం బాగుంది గానీ, నా రేఫకు ఇంకా జవాబు రాలేదు. అడిగినవారు ఒక్క సంగతి చెప్పండి. అమ్మమ్మగారు "గుడ్లలో" అని కూడా అనేవారా?

— అదే గుర్తు రావడం లేదండీ. రాత్రికి పెద్దమ్మకు ఫోన్ చేసి అడుగుతాను.