డచెస్ శాటిన్‌ని ‘దళసరి పట్టు’ అనొచ్చా?

అమలాపురం నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది: “చర్చి పెళ్లికి గౌను కుట్టిస్తున్నాం. బిల్లు మీద ‘డచెస్ శాటిన్’ అని ఉంది. తెలుగులో దళసరి పట్టు అంటే సరిపోతుందాండీ?”

దళసరి బాగా కుదిరిందమ్మా. పేచీ ‘పట్టు’తోనే. పట్టు దారం పేరు, శాటిన్ నేత పేరు. శాటిన్‌ని పట్టుతోనూ నేస్తారు, పాలిస్టర్‌తోనూ నేస్తారు. పాలిస్టర్ గుడ్డ కొని పట్టు అని చెప్పుకుంటే మాటా తప్పే, ధరా తప్పే.

మాది బండారులంక, మగ్గం చప్పుడులో పెరిగాను. ఇది మా ఇంటి మాటల్లోనే చెప్పొచ్చు. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డపోగులు. సాదా నేతలో పేక ఒక పడుగు పోగు మీదుగా, పక్క పోగు కిందుగా పోతుంది. శాటిన్‌లో పడుగు పోగు నాలుగు పేకల మీదుగానో, ఏడింటి మీదుగానో తేలి, ఒక్కదాని కింద మునుగుతుంది. ఆ మునకలు పక్కపక్కన పడకుండా చెదరగొడతారు. అందుకే జీన్స్ గుడ్డ మీదలా ఏటవాలు గీతలుండవు. మెరుపంతా తేలిన పోగులదే. తిరగేసి చూడండి, వెనకవైపు వెలవెలబోతుంది.

డచెస్‌లో పడుగు చాలా ఒత్తుగా ఉంటుంది. ఆ బరువూ బిగువూ దానివల్లే. లైనింగు శాటిన్ అరచేతిలోంచి జారిపోతుంది. ఇది కుచ్చు పడితే పట్టిన చోటే నిలబడుతుంది. మెరుపు కూడా కళ్లు జిగేలుమనేది కాదు, నీరెండలా ఉంటుంది. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ (తర్వాత రాణి అయినావిడే) పెళ్లి గౌను ఈ గుడ్డతోనే కుట్టారు.

డచెస్ అంటే డ్యూక్ గారి భార్య. శాటిన్ అన్న మాట మాత్రం రేవు పేరులోంచి వచ్చిందంటారు. చైనాలోని చువాన్‌జౌ రేవుని అరబ్బులు జైతూన్ అనేవారు, ఆ మాటే శాటిన్ అయిందట. ఉప్పాడ అనగానే మనకి చీర గుర్తొచ్చినట్టే ఇదీను.

“మరి ఏమని రాయమంటారు బాబాయ్ గారూ?”

‘దళసరి శాటిన్’ అని రాయమ్మా. శాటిన్ ఎప్పుడో మన మాటైపోయింది, రిబ్బన్లు కట్టుకున్న పిల్లలందరికీ తెలుసు. ఇంకోటి, ఈ గుడ్డలో సూది దిగిన చోట చిల్లు ఉండిపోతుంది. పిన్నులు కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చమని టైలరుకి ముందే చెప్పండి.