ఫ్లోటేషన్ సెల్‌లో గాలి శాతం చూసి ఎయిర్ వాల్వ్‌ను ఆటోలో పెట్టవచ్చా?

సెల్‌బ్యాంక్: మా రఫర్ సెల్స్‌లో (గాలి బుడగలతో ఖనిజాన్ని నురుగులోకి తేల్చే తొట్ల మొదటి వరసలో) పల్ప్‌లో, అంటే నీళ్లలో కలిసిన ఖనిజం పొడిలో, గాలి ఎంత శాతం నిలుస్తోందో ఎప్పటికప్పుడు చూపే ప్రెజర్ సెన్సర్లు పెడదామంటున్నారు. పైన ఒకటి, మీటరు కింద ఇంకొకటి. రెండింటి ప్రెజర్ తేడాతో, పల్ప్ సాంద్రతతో వచ్చే ఆ లెక్కను బట్టి ఎయిర్ వాల్వ్ ఆటోలో కదలాలట. వాడినవాళ్లు చెప్పండి.

రాత్రిషిఫ్ట్: వద్దండి. సిస్టమ్‌లో పల్ప్ సాంద్రత 1.30 అని పెట్టారనుకోండి. ఫీడ్ మారి అది 1.35 అయింది. సెల్‌లో గాలి 10 శాతమే ఉన్నా స్క్రీన్ మీద 6.5 కనిపిస్తుంది. గాలి తగ్గిందనుకుని వాల్వ్ ఇంకా తెరుచుకుంటుంది. పల్ప్ పొంగి నురుగుతో పాటు పోతుంది, గ్రేడ్ (తేలి వచ్చినదాంట్లో ఖనిజం శాతం) పడిపోతుంది.

వాహకత: అందుకే ప్రెజర్ వద్దు, కండక్టివిటీ (విద్యుత్ వాహకత) కొలిచే సెన్సర్ పెట్టండి. మెక్‌గిల్ యూనివర్సిటీలో చేసిన సెన్సర్‌లో రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లోకి బుడగలు వస్తాయి. రెండో దాంట్లోకి రాకుండా కింది మూతిని కోన్‌లా సన్నం చేశారు. బుడగలున్న గొట్టం వాహకత రెండో దానిలో 0.85 వంతే ఉంటే, వాహకత నుంచి గాలి లెక్కగట్టే మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం గాలి 10.5 శాతం. ఘనపదార్థం రెండు గొట్టాల్లోనూ ఉంటుంది కాబట్టి దాని లెక్క చెల్లుకు చెల్లు.

రాత్రిషిఫ్ట్: సున్నం వేసే సర్క్యూట్‌లో ఎలక్ట్రోడ్ల మీద పొర పేరుకుంటుంది. అది చెప్పరేం?

నురుగు_7: కెమెరాతో నురుగు వేగం చూస్తే సరిపోదా?

వాహకత: కెమెరాకు పైభాగమే కనిపిస్తుంది. ఇంపెల్లర్ (పల్ప్‌ను తిప్పి గాలిని బుడగలుగా చీల్చే చక్రం) అరిగి బుడగ సైజు 1 మిల్లీమీటరు నుంచి 2 అయిందనుకోండి. అదే గాలికి బుడగల ఉపరితలం సగమైపోతుంది. పెద్ద బుడగలు త్వరగా పైకి పోతాయి, లోపల గాలి శాతం పడిపోతుంది. ఆ మార్పు సెన్సర్‌కు తెలుస్తుంది.

రాత్రిషిఫ్ట్: పొర సంగతికి జవాబు రాలేదు.

వాహకత: కడగాలండీ! పట్టిందే పట్టుకుంటే ఎలా? కడగడం బద్ధకమైతే ఏ సెన్సరూ పనిచేయదు.

రాత్రిషిఫ్ట్: బద్ధకమా? ఇంతకుముందు చేసిన ప్లాంట్‌లో ఇదే రెండు గొట్టాల సెన్సర్, ఒక రాత్రి స్క్రీన్ మీద గాలి 5 శాతం ఉంది. సెల్ దగ్గరికి వెళ్తే అంచు మీద నుంచి నీళ్లలాంటి బూడిదరంగు పల్ప్ పొర్లుతోంది, ఖనిజం మెరుపే లేదు. మాన్యువల్‌లో పెట్టి గాలి తగ్గించాను. పొద్దున ట్రెండ్ (రీడింగుల గ్రాఫ్) ప్రింట్ తీసి, సెన్సర్ మాట ఎందుకు వినలేదని మెమో ఇచ్చారు. వారం తర్వాత సెన్సర్ బయటికి తీస్తే, బుడగలు రాని గొట్టంలోనే తెల్లటి పొర. గోటితో గీకినా రాలేదు, యాసిడ్‌లో ముంచాల్సి వచ్చింది. పొర వల్ల ఆ గొట్టం వాహకత తగ్గి రెండింటి తేడా చిన్నదైంది, గాలి తక్కువ చూపించింది అందుకే. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సెల్‌బ్యాంక్: అయితే మీ బాధ సెన్సర్‌తో కాదు.

రాత్రిషిఫ్ట్: కాదు. తప్పు దానిదైనా జవాబు నేను చెప్పాలి, అదీ నా బాధ.

వాహకత: బద్ధకం అన్నందుకు క్షమించండి. కానీ మూడు షిఫ్టుల్లో ముగ్గురు మూడు రకాలుగా గాలి పెడతారు, ఎందుకో ఎవరూ రాయరు. ఆ రికవరీ (రాబట్టే ఖనిజం) నష్టానికి జవాబు ఎవరు చెప్పాలి? ఆటో కావాలనేది అందుకే.

సెల్‌బ్యాంక్: ముందు రీడింగ్, అలారం వరకే పెట్టమని అడుగుతాను. మాన్యువల్‌కి మార్చినవాళ్లు లాగ్‌బుక్‌లో కారణం రాస్తారు.

రాత్రిషిఫ్ట్: రాస్తాం. రాసినవాడికి మెమో రాదని ముందు కాగితం మీద పెట్టించండి.