3×7 ఎంటీబీని 1×9 చేయించాలా, వద్దా?

గుట్టదారి:
నాది 3×7 ఎంటీబీ, అంటే కొండదారి సైకిల్. ముందు 42-34-24 పళ్ల మూడు రింగులు, వెనక 14-28 పళ్ల ఏడు గేర్ల ఫ్రీవీల్ (చక్రం మధ్య హబ్‌కి మరలా తిప్పి ఎక్కించే పళ్ల కట్ట), 27.5 అంగుళాల చక్రాలు. వికారాబాద్ అనంతగిరి మట్టిదారుల్లో ఎక్కుడుకి గేరు చాలట్లేదు, దిగుడులో చైన్ ఊడుతోంది. మెకానిక్ 1×9, అంటే ముందు ఒకటే రింగు, వెనక తొమ్మిది వేయించమంటున్నాడు. ఈ సైకిల్ మీద అంత ఖర్చు పెట్టొచ్చా?

చైన్‌లైన్:
పెట్టొచ్చు. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే వచ్చే అంకె ఎంత తక్కువైతే తొక్కడం అంత తేలిక. ఇప్పుడు మీ తేలిక గేరు 24÷28, అంటే 0.86. ముందు 32 పళ్ల రింగు, వెనక 11-46 క్యాసెట్ (హబ్ గాడుల మీదికి తోసి బిగించే పళ్ల కట్ట) వేస్తే 32÷46, అంటే 0.70. తేడా మోకాళ్లకే తెలుస్తుంది. పై గేరు 3.0 నుంచి 2.91కి తగ్గుతుంది. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 35 కి.మీ. వెళ్లేది 34 వెళ్తుంది, అంతే. చైన్ ఊడడానికి మందు, ఒక పన్ను లావు ఒక పన్ను సన్నం ఉండే నారో-వైడ్ చైన్‌రింగ్ (ముందు పళ్ల రింగు), చైన్ ఎగరకుండా బిగువుగా పట్టే క్లచ్ ఉన్న డీరేలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం).

పాతఇరుసు:
లెక్క సరే అన్నా, ఆ క్యాసెట్ ఎక్కేది దేని మీద? ఫ్రీవీల్ హబ్ మీద ఎక్కదు. కొత్త హబ్ తెచ్చి చక్రం మళ్లీ కట్టించాలి. ఈ తరగతి క్రాంకుల్లో (పెడళ్లు తగిలే చేతులు) చైన్‌రింగులకి ఎక్కువగా రివెట్లే ఉంటాయి, ఊడదీయలేం, కాబట్టి క్రాంక్ కూడా కొత్తదే. ఇక షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), డీరేలర్, చైన్. ఇన్ని కొన్నాక మిగిలేది పాత ఫ్రేము, పాత ఫోర్కు!
14-34 మెగారేంజ్ ఫ్రీవీల్ (చివరి పళ్ల చక్రం మాత్రం బాగా పెద్దగా ఉండే రకం) వేయండి. 24÷34 అంటే 0.71, మీరు చెప్పిన 0.70కి వెంట్రుకవాసి తేడా. ఫ్రీవీల్, చైన్, గేరు వైరు మారిస్తే చాలు. డీరేలర్ 34 పళ్లు పట్టేదై ఉండాలి, 28 దగ్గరే ఆగిపోయేవీ ఉన్నాయి. చైన్ వదులు లాగే సామర్థ్యం కూడా (42-24)+(34-14), అంటే 38 పళ్లకి తగ్గకూడదు.

చైన్‌లైన్:
మెగారేంజ్‌లో 24 పళ్ల తర్వాత నేరుగా 34. ఎక్కుడు మధ్యలో ఆ గేరు వేస్తే కాళ్లు ఒక్కసారిగా గాల్లో తిరిగినట్టుంటుంది. కొండదారిలో మధ్య గేర్లు కావాలి. చైన్ ఊడే సమస్య కూడా అలాగే ఉంటుంది కదా.

పాతఇరుసు:
ఆ దూకుడు నిజమే, ఒప్పుకుంటాను. చైన్ ఊడడానికి మాత్రం వేరే కారణాలు వెతకాలి. ఒక పిన్ను మధ్య నుంచి దాని తర్వాతి 24వ పిన్ను మధ్యకి దూరం కొత్త చైన్‌కి 304.8 మి.మీ. అది 307 దాటితే చైన్ అరిగిపోయినట్టే. ముందు డీరేలర్ పంజరం పెద్ద చైన్‌రింగ్ పళ్లకి 1-3 మి.మీ. ఎత్తులో, సమాంతరంగా ఉండాలి. చిన్న రింగ్ దాటి లోపలికి పడుతుంటే ముందు డీరేలర్ లోపలికి ఎంతవరకు జరగాలో ఆపే లో-లిమిట్ స్క్రూ బిగించండి.

రెంచి_8మిమీ:
ఎవరి మాట విన్నా ముందు హ్యాంగర్ (వెనక డీరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) చూపించండి. అది వంగి ఉంటే ఎంత మంచి డీరేలరైనా గేరు సరిగా వేయదు.
1×9 వైపు వెళ్తే ఈ తప్పులు చేయొద్దు. పాత రకం షిమానో 9 స్పీడ్ ఎంటీబీ డీరేలర్‌కి 10 స్పీడ్ షిఫ్టర్ కుదరదు, వైరు లాగే కొలత వేరు. మైక్రోషిఫ్ట్ కంపెనీ 9 స్పీడ్ గేర్ల సెట్టు అడ్వెంట్ తీసుకుంటే షిఫ్టర్, డీరేలర్ రెండూ అడ్వెంట్‌వే కావాలి. క్రాంక్‌కి 104 మి.మీ. బోల్టు వలయం (చైన్‌రింగ్ బోల్టులు ఉండే వృత్తం వ్యాసం) ఉంటే అదృష్టం, మధ్య స్థానంలో 32 పళ్ల రింగు వేసి పొట్టి బోల్టులు బిగిస్తే సరి, పొడవువి పట్టవు. చైన్ పొడవు: డీరేలర్ గుండా పోనివ్వకుండా ముందు రింగు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీద చుట్టి 2 లింకులు కలపాలి. క్యాసెట్‌ని హబ్ మీద పట్టి ఉంచే లాక్‌రింగ్‌కి 40 న్యూటన్ మీటర్ల బిగువు.

గుట్టదారి:
నాది ఫ్రీవీలే అని ఖాయంగా తెలిసేదెలా?

రెంచి_8మిమీ:
పళ్లని వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు పట్టే గాట్లు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

పాతఇరుసు:
ఫ్రీవీల్ అయితే ఇంకో పరీక్ష కూడా చేయండి. చక్రం తీసి యాక్సిల్‌ని (ఇరుసు) వేళ్లతో తిప్పండి. ఫ్రీవీల్ హబ్‌లో కుడి బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, అందుకే ఆ వైపు యాక్సిల్ త్వరగా వంగుతుంది. చివర అటూ ఇటూ ఊగితే వంగినట్టే. అప్పుడు నా ఫ్రీవీల్ సలహా పక్కన పెట్టి, చైన్‌లైన్ అన్న చెప్పినట్టు క్యాసెట్ హబ్‌కే వెళ్లండి.